తీగలోని నిరోధము, మోటారులోని వేడిమి

యాసంగి వరి పొట్టకు వచ్చిన దినములలో మోటారు కాలిపోయినదను మాట వినబడని గ్రామము మన ప్రాంతమున లేదు. బోరునుండి మోటారును పైకి తీయించుటకు ఒక దినము, పట్టణమునకు చేర్చి తీగ చుట్టించుటకు రెండు మూడు దినములు, తిరిగి దింపుటకు మఱొక దినము పట్టును. ఈలోపల మడి నెఱ్ఱెలు విచ్చును. తీగ చుట్టువానికి చెల్లించు సొమ్ము ఒక యెత్తు, ఎండిన పైరు ఒక యెత్తు. ఇట్లేల జరిగినదని యడిగినచో పెక్కుమంది చెప్పు నుత్తరము ఒక్కటియే: కరెంటు ఎక్కువ వచ్చి కాలినది.

ఈ యుత్తరములో సగము సత్యము కలదు. మోటారు తీగచుట్టలో ప్రవహింపదగిన దానికన్న ఎక్కువ కరెంటు ప్రవహించుటచేతనే అది కాలినది. కాని యా యెక్కువ కరెంటు స్తంభమునుండి ఎవరో తోసి పంపినది కాదు. మోటారే దానిని లాగికొన్నది. తఱచుగా సరఫరా తక్కువగా నున్నప్పుడే అది యెక్కువగా లాగికొనును. ఈ విపరీతము బోధపడవలెనన్న, తీగలో వేడిమి ఎట్లు పుట్టునో మొదట తెలిసికొనవలెను. ఇది కష్టమైన శాస్త్రము కాదు. కూడికలు, హెచ్చవేతలు వచ్చిన ప్రతి సభ్యుడును దీనిని గ్రహింపగలడు.

విద్యుత్తు తీగలో ప్రవహించునపుడు ఆ తీగ దాని కెంతో కొంత అడ్డు తగులును. ఈ యడ్డునకు నిరోధమని పేరు. జర్మనీ దేశపు ఉపాధ్యాయుడైన గేయోర్గ్ ఓము 1827లో దీని లెక్కను ప్రకటించెను గనుక నిరోధమును ఓములలో కొలుచుచున్నాము. తీగ పొడవు రెట్టింపైన నిరోధము రెట్టింపగును. తీగ అడ్డుకోత వైశాల్యము రెట్టింపైన నిరోధము సగమగును. లోహమునుబట్టియు మాఱును. ఒకే కొలత గల తీగలలో రాగి నిరోధము ఒకటి యనుకొన్నచో అల్యూమినియముది సుమారు ఒకటిన్నరకు పైచిలుకు, ఇనుముది సుమారు ఆఱింతలుండును, పొయ్యిలలో వాడు నిక్రోము తీగది అఱువదింతలకు మించును. అందుచేతనే సరఫరా తీగకు రాగి గాని అల్యూమినియము గాని, పొయ్యికి నిక్రోము గాని యేర్పాటు చేసిరి.

కందెన లేని బండి యిరుసు దూరము నడచినచో చేయి పెట్టలేనంతగా కాగునని మనకు తెలియును. ఎద్దులు పడిన శ్రమలో కొంత బండిని లాగుటకు పోక ఇరుసు రాపిడిలో వేడిగా మాఱినది. విద్యుత్తునకు నిరోధమును అట్టిదే. అడ్డును దాటుటకు వ్యయమైన శక్తి యంతయు అచ్చటనే వేడిమియగును. అది నశింపదు, మఱెక్కడికిని పోదు.

ఎంత వేడిమి పుట్టునో కొలిచి చెప్పినవాడు ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతపువాడైన జేమ్సు ప్రెస్కాటు జౌలు. అతడు కళాశాల ఆచార్యుడు కాడు. సారాయివంటి యవల పానీయము కాచు కుటుంబములో పుట్టి, ఆ వ్యాపారమును చూచుకొనుచునే, నీటిలో తీగచుట్టలు ముంచి, కరెంటు పంపి, నీరెంత వేడెక్కినదో ఉష్ణమాపకముతో ఓపికగా కొలిచెను. 1841లో ప్రచురింపబడిన యతని సిద్ధాంతము ఇది: తీగలో పుట్టు వేడిమి దాని నిరోధమునుబట్టి పెరుగును, కరెంటునుబట్టి మాత్రము వర్గముగా పెరుగును. అనగా నిరోధము రెట్టింపైన వేడిమి రెట్టింపగును. కరెంటు రెట్టింపైన వేడిమి నాలుగింతలగును; మూడింతలైన తొమ్మిదింతలగును. మోటారు యజమాని మనసులో నాటుకొనవలసిన మాట ఈ రెండవది.

ఇప్పుడు మన పొలములోని లెక్క చూతము. అయిదు హార్సుపవరు త్రీఫేజు మోటారు సరిగా నడచునపుడు ఒక్కొక్క ఫేజులో సుమారు 8 ఆంపియర్ల కరెంటు తీసికొనుననుకొందము. స్టార్టరు పెట్టెలో ఒక మర వదులై, త్రుప్పు పట్టి, ఆ కూడలివద్ద ఒక్క ఓము నిరోధ మేర్పడినది. కరెంటు ఎనిమిదిని ఎనిమిదిచే హెచ్చింపగా 64. దానిని ఒక ఓముచే హెచ్చింపగా 64 వాట్లు. పూర్వము మన యిండ్లలో వెలిగిన 60 వాట్ల తీగ బల్బును అరగంట తరువాత తాకిన చేయి కాలెడిది గదా! అంత వేడిమియు ఇప్పుడు చిటికెనవ్రేలి గోరంత చోట పుట్టుచున్నది. బిగువుగా, శుభ్రముగా నున్న కూడలికైనచో నిరోధము ఓములో వెయ్యవ వంతు మాత్రమే యుండును. అప్పుడు పుట్టు వేడిమి వాట్టులో పదునాఱవ వంతు, అనగా లేనట్లే.

వింత యేమనగా, ఈ చెడిన కూడలి యున్నట్లు మోటారు నడకనుబట్టి ఎంతమాత్రమును తెలియదు. అచ్చట పోవునది 8 వోల్టులు. ఫేజులో వచ్చుచున్నవి 240. నీరు మునుపటివలెనే పడుచుండును. రైతు నిశ్చింతగా గట్టుమీద కూర్చుండును. పెట్టెలో మాత్రము తీగ తొడుగు మెత్తబడి, నల్లబడి, మర ఇంకను వదులగుచుండును. వదులైన కొలది నిరోధము పెరుగును, నిరోధము పెరిగిన కొలది వేడిమి పెరుగును. ఒకనాడా కూడలి పూర్తిగా కాలి తెగి, మూడు ఫేజులలో ఒకటి పోవును. ఆ తరువాతి కథ తీగచుట్టు దుకాణములో తెలియును.

ఇబ్రహీంపట్నము, యాచారము వైపునుండి నాగార్జునసాగరు బాటను మలకుపేట మార్కెట్టునకు సరకు తెచ్చు రైతులకు సైదాబాదు దారిలోని యూరే. అచ్చట ఒక తీగచుట్టు దుకాణమునందు మేము ఈ విషయమునే చెప్పుచుండగా, కాలిన మోటారుతో వచ్చిన యొక పెద్ద రైతు మమ్ము నిలువరించి అడిగిన ప్రశ్న ఇచ్చట వ్రాయదగినది. "అయ్యా, నిరోధము పెరిగినచో వేడి పెరుగునని చెప్పుచున్నారు. మా యింట కరెంటు పొయ్యి తీగ తెగినది. కాలిన ముక్క తీసివేసి కొనలు మెలివేసితిమి. తీగ పొట్టిదైనది గనుక నిరోధము తగ్గియుండవలెను. అయినను పొయ్యి మునుపటికన్న ఎఱ్ఱగా కాలుచున్నదే! ఇది యెట్లు?"

ఆ పెద్దమనిషి పాఠశాల చూచినవాడు కాడు. కాని చదివినవారు గూడ తడబడుచోట సరిగా వ్రేలు పెట్టెను. నిరోధము పెరిగిన వేడిమి పెరుగునను మాటయు నిజమే, తగ్గిన వేడిమి పెరుగునను మాటయు నిజమే. ఏది యెప్పుడన్నదే ప్రశ్న. పొయ్యిని నేరుగా ఇంటి సరఫరాకు తగిలింతుము. దానిని తోయు వోల్టేజి మాఱదు. ఆ దారిలోని యడ్డంతయు పొయ్యి తీగయే గనుక ఎంత కరెంటు పోవలెనో అదియే నిర్ణయించును. తీగ నిరోధము సగమైన కరెంటు రెట్టింపగును. రెట్టింపు కరెంటువలన వేడిమి నాలుగింతలు కావలెను, నిరోధము సగమైనందున అందులో సగము తగ్గును, మిగిలినది రెండింతలు. నీరు కాచు 1,000 వాట్ల కడ్డీ నిరోధము సుమారు 58 ఓములు, 2,000 వాట్ల కడ్డీది 29 ఓములు మాత్రమే యగుటకు కారణ మిదియే. ముక్క తీసిన పొయ్యి తీగ త్వరలో మరల తెగుటకును కారణ మిదియే. మెలివేసిన చోటనే తఱచు తెగుటకు మాత్రము కారణము వేఱు. అది పైన చెప్పిన కూడలి లెక్క.

స్టార్టరులోని కూడలి స్థితి దీనికి భిన్నము. అచ్చట కరెంటెంతయో నిర్ణయించునది కూడలి కాదు, దానికి వెనుకనున్న మోటారు. ఎనిమిది ఆంపియర్లు ఎట్లును పోవును. దారిలో నిరోధ మున్నచోట ఆ మేరకు వేడిమి పుట్టును. అందుచేత వోల్టేజి స్థిరమైనచోట తక్కువ నిరోధమును, కరెంటు స్థిరమైనచోట ఎక్కువ నిరోధమును వేడిని పుట్టించును. ఈ మాట విని యా రైతు, అట్లయిన మా యింటి పొయ్యిలో రెండు తప్పులును కలవని నవ్వెను.

ఇక కాలిన మోటారు సంగతి. విప్పిన మోటారులో రాగిచుట్టలు మూడు వర్గములుగా నుండును, ఫేజునకు ఒకటి. మూడు వర్గములును ఒకే తీరుగా మాడి నల్లబడియున్న, మోటారు మోయలేని బరువు మోసినదని గాని, తక్కువ వోల్టేజిపై చాలకాలము నడచినదని గాని, ఇసుక పట్టి తిరుగక నిలిచిపోయినదని గాని యర్థము. స్టారు కూర్పు గల మోటారులో రెండు వర్గములు మాడి మూడవది క్రొత్త రాగివలె మెఱయుచుండినను, డెల్టా కూర్పులో ఒక వర్గము మాడి రెండు బాగుగా నుండినను, ఒక ఫేజు పోయిన తరువాతను అది నడచినదని నిశ్చయింపవచ్చును. ఒక్కచోట మాత్రమే చిన్న మచ్చగా కాలియున్న, తీగపై పూత లోపల దెబ్బతిని చుట్టలు ఒకదానికొకటి తగిలినవి. కాలిన మోటారును దుకాణములో దించి ధర మాటాడుకొని వచ్చివేయుట మన రైతుల యలవాటు. విప్పునప్పుడు దగ్గఱ నిలిచి చుట్టలు చూపుమని యడుగుడు. కారణము తెలియక చుట్టించిన మోటారు అదే కారణమున మరల కాలును. రెండవసారియు సొమ్ము మీదే.

తక్కువ వోల్టేజివలన ఎక్కువ కరెంటు ఎట్లు పోవునను ప్రశ్న మిగిలియున్నది. మోటారు చుట్ట నిరోధము కొద్ది ఓములు మాత్రమే. అదొక్కటియే యడ్డైనచో మోటారు క్షణములో మాడిపోవలసినదే. కాని తిరుగుచున్న మోటారు తనలోనుండి ఒక ఎదురు వోల్టేజిని పుట్టించి, వచ్చు కరెంటును తగుమాత్రముగా నిలుపుచుండును. పంపు ఎత్తవలసిన నీటి బరువు మాఱదు. 415 వోల్టులకు బదులు 330 వచ్చినచో, ఆ పనినే చేయుటకు మోటారు కొంచెము వెనుకబడి, ఎదురు వోల్టేజి తగ్గి, కరెంటును సుమారు నాల్గవ వంతు అధికముగా లాగికొనును. ఎనిమిది ఆంపియర్లు పదియగును. చుట్టలలోని వేడిమి ఒకటిన్నర రెట్లకు మించును. మఱియు వేడెక్కిన రాగికి నిరోధమును పెరుగును, 25 డిగ్రీలకు సుమారు పదవ వంతు చొప్పున. వేడి వేడిని పెంచును.

ఒక ఫేజు పోయినప్పుడు మిగిలిన రెంటిలో కరెంటు సుమారు ఒకటిముప్పాతిక రెట్లగును. వర్గము కట్టగా వేడిమి మూడింతలు. మోటారు ఆగదు, గుఱ్ఱుమని మూలుగుచు నడచుచునే యుండును. ఆ మూలుగును గుర్తించిన కూలివాడు యజమానికి వేలరూపాయలు మిగిల్చును. ఇక మోటారు ప్రారంభమగు క్షణమున ఎదురు వోల్టేజి లేదు గనుక కరెంటు ఆఱింతల వఱకు పోవును, వేడిమి ముప్పదియాఱింతలు. రెండు మూడు సెకండ్లే గనుక సహించును. ఇసుక పట్టి తిరుగని మోటారు ఈ స్థితిలోనే నిలిచిపోవును. మాటిమాటికి ఆపి వేయుటయు ఇందువలననే హాని. బోరులోని మోటారుకు చల్లదనము చుట్టునున్న నీటివలన కలుగును; నీటిమట్టము దానికన్న దిగువకు పోయిన తరువాత పుట్టిన వేడిమి పోవుటకు దారి లేదు. చుట్టతీగ పూతకు నిర్ణయించిన హద్దుకు పైన ప్రతి పది డిగ్రీలకును పూత ఆయువు సగమగునని యంత్రశాస్త్రజ్ఞుల యనుభవ గణితము. ఈరోజు కాలిన మోటారు ఈరోజే చెడినది కాదు.

వేడిమి శత్రువే కాదు, కావలివాడును. ఫ్యూజు తీగ అట్టిది. హద్దు దాటిన కరెంటు పోయినపుడు ముందుగా తాను కరగి దారి తెంపవలెనని దానిని సన్నముగా చేసిరి. తగరపు పూత గల 0.2 మిల్లీమీటరు రాగి తీగ 5 ఆంపియర్లకును, 0.5 మిల్లీమీటరుది 15 ఆంపియర్లకును నిర్ణయింపబడినవి. దానికి బదులు కేబులునుండి తీసిన రాగిపోగులు నాలుగైదు మెలివేసి కట్టినచో కరగవలసిన తీగ కరగదు. దానికి మాఱు మోటారు చుట్ట కరగును. స్టార్టరులోని ఓవరులోడు రిలేయు వేడిమితోనే పనిచేయును. వేడికి వేఱువేఱుగా వ్యాకోచించు రెండు లోహముల రేకును అతికించి, మోటారు కరెంటును దానికి చేర్చిరి. కరెంటు మితిమీరిన రేకు వంగి స్టార్టరును విడిపించును. మోటారు ఊరకే ఆగుచున్నదని విసిగి రిలేను ఎక్కువ ఆంపియర్లకు త్రిప్పుట, పుల్లతో బిగించుట మేము చూచుచునే యున్నాము. కుక్క మొఱిగినదని కుక్కను కట్టివేసినట్లున్నది. రిలే సూచిని మోటారు రేకుపై చెక్కిన ఆంపియర్లకు సరిగా నిలుపవలెను.

ఈ లెక్కయే ట్రాన్స్‌ఫార్మరునకును వర్తించును. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు దిగువ వైపున మోయదగినది ఫేజునకు సుమారు 33 ఆంపియర్లు; అయిదు హార్సుపవరు మోటార్లు నాలుగింటికి సరి. డీడీ కట్టక మఱి రెండు తగిలించినచో 48 ఆంపియర్లగును, లోపలి రాగిలో వేడిమి రెట్టింపునకు మించును. తెలంగాణమున 2018 జనవరి 1వ తేది నుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత సరఫరా ప్రారంభమగుటకు ముందు, 2017లో ఆటోస్టార్టర్లు తీసివేయుడని ప్రభుత్వము రైతులను గట్టిగా కోరినది. ఎక్కువమంది, నీరు పోవునను భయము తప్ప, ఇందులో మఱొక కారణమున్నదని యెఱుగరు. పోయిన కరెంటు తిరిగి వచ్చినంతనే అన్ని మోటార్లు ఒక్క క్షణమున లేచినచో, నాలుగు మోటార్లే యైనను ట్రాన్స్‌ఫార్మరుపై 190 ఆంపియర్లు పడును. వోల్టేజి క్రుంగి, మోటార్లు లేవలేక ఎక్కువసేపు ఆ భారముతోనే పెనగులాడును. ఒకరి తరువాత ఒకరు, నిమిషము వ్యవధితో స్టార్టరు నొక్కుకొన్నచో ఎవరికిని నష్టము లేదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది సభ్యులు కూర్చుండి వంతు నిర్ణయించుకొనుట సహకారసంఘమునకు తగిన పని.

దూరమునకు కరెంటును అధిక వోల్టేజితో పంపుటయు ఈ వర్గపు లెక్కకు భయపడియే. హుస్సేనుసాగరు గట్టున నిజాము ప్రభుత్వము 1920లో స్థాపించిన విద్యుత్కేంద్రము నగరపు నడుమనే యుండెడిది. నేడు రామగుండమునుండి హైదరాబాదునకు సుమారు ఇన్నూఱు కిలోమీటర్ల దూరము విద్యుత్తు నాలుగు లక్షల వోల్టులతో వచ్చుచున్నది. మన యూరి 11,000 వోల్టుల లైనులో అదే శక్తిని పంపుటకు 415 వోల్టుల లైనులో కావలసిన కరెంటులో ఇరువదియాఱవ వంతు చాలును. తీగలో వేడిమి సుమారు ఏడువందలవ వంతు. ట్రాన్స్‌ఫార్మరు మోటార్లకు ఎంత దగ్గఱగా నున్న అంత మేలనుటకు ఇదియే యాధారము.

ట్రాన్స్‌ఫార్మరునుండి బోరువఱకు గల కేబులు మాత్రము మన చేతిలోనిది. దూరము 300 మీటర్లనుకొందము. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులైనచో ఒక్కొక్క తీగ నిరోధము సుమారు 2.2 ఓములు. ఎనిమిది ఆంపియర్లకు మూడు తీగలలో కలిసి 425 వాట్లు వేడిగా పోవును, మోటారుకు చేరు వోల్టేజిలో ముప్పది తగ్గును. నాలుగు చదరపు మిల్లీమీటర్లదైన 265 వాట్లు. ఆఱుదైన 177 వాట్లు, వోల్టేజి తగ్గుదల పదమూడు మాత్రమే. కరెంటు ఉచితము గదా, ఎన్ని వాట్లు పోయిన మనకేమని కొందఱందురు. పోయిన వాట్లకు వెల లేకున్నను, పోయిన ముప్పది వోల్టులకు వెల మోటారు చెల్లించును. లైనులో 380 మాత్రమే వచ్చుచోట అది 350తో నడువవలసివచ్చును. అల్యూమినియము కేబులు వేయువారు రాగికి చెప్పిన దానికన్న పై కొలతను తీసికొనవలెను. అల్యూమినియమును రాగితో నేరుగా మెలివేయరాదు. అల్యూమినియముపై కంటికి కనబడని పొర యేర్పడి నిరోధమును పెంచును, తడి తగిలిన రెండు లోహముల నడుమ త్రుప్పు పుట్టును. రెండు లోహములతో చేసిన లగ్గులు హైదరాబాదు ట్రూపుబజారులో దొరకును. వానిని ఒత్తుపరికరముతో ఒత్తింపవలెను, సుత్తితో కొట్టరాదు.

కూడళ్లను పరీక్షించుటకు యంత్రములేవియు అక్కఱలేదు. మోటారు అరగంట నడచిన పిదప స్టార్టరు ఆపి, మెయిను స్విచ్చి దింపి, మూడు ఫ్యూజులను ఊడబెఱికి చొక్కాజేబులో వేసికొనుడు; జేబులోనున్నంతవఱకు మఱొకరు వచ్చి స్విచ్చి వేసినను కరెంటు రాదు. టెస్టరుతో చూచి, ఆ తరువాతనే పెట్టె తెఱచి, ఒక్కొక్క తీగ కొనను తొడుగుమీద చేతి వెనుకవైపుతో తాకుడు. మూడు ఫేజులును ఒకే తీరుగా గోరువెచ్చగా నుండవలెను. ఒకటి మిగిలిన రెంటికన్న వేడిగా నున్న, లేక తొడుగు రంగు మాఱి గట్టిపడి యున్న, ఆ కొనను కోసివేసి, లోహము మెఱయువఱకు గీకి, క్రొత్త లగ్గు వేసి మర బిగింపుడు. వేసవికి ముందొకసారి, వానాకాలపు నాట్లకు ముందొకసారి ఇట్లు చూడవలెను.